కొంగలు దిగిన మధ్యాహ్నం

పనిలో ఉన్నప్పుడు ఎవరైనా పక్కన నిలబడి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. లెక్క చేసుకుంటుండగా అమ్మ అన్నానికి పిలిస్తే పలక విసిరేసేవాణ్ణట. అమ్మ స్కూల్లో టీచరు. అరవై మంది పిల్లల గోల మధ్య కూర్చుని తాపీగా పేపర్లు దిద్దుకునే మనిషి. "నీకెవరి పోలికొచ్చిందిరా" అనేది. పెద్దయ్యాక పలకలు విసరడం మానేశాను గానీ, ఆ కోపానికి ఏకాగ్రత అని ఓ మర్యాదైన పేరు పెట్టుకున్నాను. ఆ ఏకాగ్రత వల్ల ఒకావిడ బతుకు ఎంత దాకా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

నేను ఉండేది రాజమహేంద్రవరంలో. రొయ్యల చెరువులకి పెట్టెలు తయారు చేస్తాను. అన్నం క్యారేజీ అంత ఉంటుంది పెట్టె. లోపల చిన్న కంప్యూటరు. దాని నుంచి ఒక వైరు చెరువులోకి దిగుతుంది. వైరు చివరున్న సెన్సరు నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో ఎప్పటికప్పుడు చెబుతుంది. చెరువు రైతులు దాన్ని డీవో అంటారు. డీవో నాలుగుకి తగ్గితే పెట్టె తనంతట తానే ఏరియేటర్లు వేస్తుంది. ఏరియేటర్లంటే నీళ్ళ మీద తేలుతూ చక్రాలతో నీళ్ళను చిమ్మి గాలి కలిపే మోటార్లు. డీవో పెరిగితే వాటిని ఆపేస్తుంది. మరీ పడిపోతే రైతు ఫోను మోగిస్తుంది. అంతే దాని పని. చెప్పుకుంటే రెండు ముక్కలే గానీ, ఆ పని ఒక గంట ఆగిందంటే చెరువులో రొయ్యంతా చచ్చి తేలిపోతుంది.

పాలకొల్లు దాటి భీమవరం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒకావిడ చెరువులు రెండున్నాయి. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. నన్ను తమ్ముడు గారూ అంటారు, నేను అక్కగారూ అంటాను. ఆవిడ భర్త ఆ మొదటి చెరువులోనే పోయారు. ఏరియేటరు చక్రానికి నాచు చుట్టుకుంటే తీద్దామని నీళ్ళలో దిగారు. గట్టు మీద ఎలక్ట్రీషియను కరెంటు బోర్డు తెరిచి ఏదో చూసుకుంటూ స్విచ్ వేశాడు. మా చెరువుల వైపు ఇలా పోయినవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు. ఆయన పోయాక చెరువులు ఆవిడే చూసుకుంటున్నారు. తోడుగా ఒక ముసలి పాలేరు, ఆయనకి చెవులు సరిగా వినపడవు.

ఆవిడకి వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ జబ్బుతో పోయాయి. ఊళ్ళో అందరికీ పోయాయి గానీ, ఆడమనిషి చేతిలో పోతే దాని లెక్క వేరుగా ఉంటుంది కదా. ఆవిడ మరిదికి ఆ చుట్టుపక్కల ముప్పై చెరువులు. మంచాయనే. వదినగారంటే గౌరవం ఉన్న మనిషే. కానీ మూడో పంట వేసేటప్పుడు ఇంట్లో పెద్దలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈ పంట నిలబడితే చెరువులు ఆవిడ చూసుకోవచ్చు. నిలబడకపోతే మరిదికి అప్పగించి ఇంటి పట్టున ఉండాలి. ఈ సంగతి ఆవిడే నాకు చెప్పారు, మేత బస్తా మూతి కడుతూ, ఎక్కడా గొంతు మారకుండా.

"ఈ చెరువుల మీదకి పొద్దున్నే రాకపోతే నాకు తెల్లారినట్టుండదండి. ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యను?" అన్నారు.

ఆ మూడో పంట బ్రహ్మాండంగా పెరిగింది. ఇక పది రోజుల్లో పట్టుబడి, అంటే రొయ్యంతా వల వేసి పట్టి అమ్మెయ్యడం, అనగా నాకు ఫోన్ చేశారు. పక్క ఊళ్ళో ఎవరిదో చెరువు మీద పెట్టెలోకి ఎవడో ఊరూపేరూ లేనివాడు ఇంటర్నెట్టులోంచి దూరి, ఏరియేటర్లు ఇష్టం వచ్చినట్టు ఆపీ వేసీ ఆడుకున్నాడట. ఆ పెట్టె నాది కాదు. కానీ అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమూ నా పెట్టెల్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమూ ఒకటే, అదే పాత రకం. దాన్ని తయారు చేసినవాళ్ళు కంతలు పూడ్చడం మానేసి చాలా కాలమైంది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే నేను బద్ధకించాను.

పెట్టెలోంచి ఇంటర్నెట్టు సిమ్ము తీసేస్తే ఎవడూ లోపలికి రాడు కదా అనొచ్చు. తీసేస్తే రాత్రి డీవో పడిపోయినప్పుడు ఆవిడ ఫోను మోగదు. పాలేరుకి వినపడదు. పట్టుబడికి పది రోజుల ముందు ఆ ధైర్యం ఎవరు చేస్తారు? కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యడం తప్ప దారి లేదు. అదీ పెట్టె ఆపకుండా వెయ్యాలి.

నేను వెంటనే, రాత్రి రెండింటికి వచ్చి చేసేస్తానండి, అన్నాను. అంతకు ముందు ఎనిమిదేళ్ళు ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూశాను. అక్కడ ఏ మార్పయినా జనం పడుకున్నాకే. ఆవిడ చాలా మర్యాదగా, రాత్రిపూట నీళ్ళలో ఉన్న నాచూ రొయ్యా కలిసి గాలి పీల్చేస్తాయి కాబట్టి రెండింటి వేళ చెరువు కొనఊపిరితో ఉంటుందనీ, ఎండ బాగా కాసే మధ్యాహ్నం పన్నెండుకి అయితే నాచే గాలి వదులుతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగినా పరవాలేదనీ చెప్పారు. ఇన్నేళ్ళుగా చెరువులకి పెట్టెలు అమ్ముతున్నవాణ్ణి, నాకు తెలియదూ? తెలుసు. కానీ ఆ క్షణంలో నేను ఆలోచించింది కంప్యూటరు గురించి, చెరువు గురించి కాదు. నాలిక కరుచుకున్నాను.

మూడు రోజులు ఇంట్లో ప్రయత్నించి చూశాను. అమ్మ స్నానాల బకెట్టులో నీళ్ళు పోసి, సెన్సరు దించి, నా దగ్గరున్న పెట్టె మీద చేశాను. పద్ధతి ఇది. పెట్టెలోని మెమరీ కార్డుని రెండు గదులుగా విడగొట్టి ఉంచుతాం. పాత సిస్టమ్ మొదటి గదిలో తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. కొత్తదాన్ని రెండో గదిలో చడీ చప్పుడూ లేకుండా రాసేస్తాం. రాయడం పూర్తయ్యాక ఒక్కసారి పెట్టెని ఆపి వేస్తే, ఈసారి రెండో గదిలోంచి లేస్తుంది. ఆ ఆగడం నిమిషంన్నర. లేచాక కొత్త సిస్టమ్ తనను తాను తనిఖీ చేసుకోవాలి. ఐదు నిమిషాల్లోగా అన్నీ బాగున్నాయని చెప్పకపోతే, మనం ముట్టుకోకుండానే పెట్టె మళ్ళీ పాత గదిలోకి వెళ్ళిపోతుంది. బకెట్టులో పది సార్లు చేస్తే పది సార్లూ దివ్యంగా పనిచేసింది. అమ్మ మాత్రం బకెట్టు ఎప్పుడిస్తావని అడుగుతూనే ఉంది.

ఇదంతా ఆవిడకి గట్టు మీద నిలబడి వివరిస్తే, మధ్యలోనే అందుకున్నారు. చెరువులో నీళ్ళు మార్చేటప్పుడు చెరువు ఖాళీ చెయ్యరు కదా, ఒక తూము నుంచి పాతవి వదులుతూ ఇంకో తూము నుంచి కొత్తవి పెడతారు, రొయ్యకి నీళ్ళు మారిన సంగతే తెలియకూడదు, అలాగేనా అని అడిగారు. అచ్చం అలాగే అన్నాను. నేను అరగంట చెప్పింది ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసినందుకు కొంచెం చురుక్కుమంది కూడా.

అంతకు ముందు రెండు రోజులు ముసురు పట్టి ఉంది. సముద్రంలో ఏదో అల్పపీడనం. ఆ రోజు పొద్దున తెరిపిచ్చి ఎండ ఫెళ్ళున కాసింది. ముసురు రోజుల్లో చెరువు కాస్త నీరసించింది గానీ, పదకొండింటికి మొదటి చెరువులో డీవో ఆరు దాటింది. పెట్టె ఏరియేటర్లు ఆపేసింది. ముందు ఈ చెరువు పెట్టె మార్చేద్దాం, ఇదే అదను అనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు నేనొక పని చేశాను. కరెంటు బోర్డు తలుపు మీద తెల్ల కాగితం అంటించి, ముట్టుకోవద్దు అని పెద్ద అక్షరాలతో రాశాను. ఏరియేటర్లను చేత్తో వేసే స్విచ్ ఆ తలుపు పక్కనే ఉంటుంది. తర్వాత ఆవిణ్ణీ పాలేరునీ పిలిచి, నేను చెప్పేదాకా ఎవరూ ఆ బోర్డు దగ్గరికి రావద్దనీ, నాతో ఏమీ మాట్లాడొద్దనీ చెప్పాను. మర్యాదగానే చెప్పాను. కానీ నా మర్యాద ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆవిడ అలాగేనండి అని తలూపి గట్టు మీదకి వెళ్ళిపోయారు.

రెండో గదిలో రాయడం షెడ్డులో కూర్చుని, బోర్డు తలుపు తెరవకుండానే, లాప్‌టాప్‌లోంచి చేశాను. అరగంట పట్టింది. ఆ అరగంటా పాత సిస్టమ్ డీవో చెబుతూనే ఉంది. ఆరుంపావు, ఆరున్నర, ఆరు నలభై, మళ్ళీ ఆరున్నర. చెరువు అంకె ఎప్పుడూ ఒకచోట నిలవదు. గాలి వీచినా కదులుతుంది, మబ్బు తునక అడ్డొచ్చినా కదులుతుంది. పన్నెండూ పది అయింది. బోర్డు లోపలున్న పెట్టె మీది దీపాలు చూసుకోవాలి కాబట్టి బోర్డు తలుపు తెరిచాను. దాని ముందు స్టూలు వేసుకుని, చెరువుకి వీపు పెట్టి కూర్చున్నాను. దేవుడా అనుకుని మీట నొక్కాను.

దీపాలు ఆరిపోయాయి. బకెట్టు ముందు కూర్చోవడం వేరు, లక్షల ప్రాణాల ముందు కూర్చోవడం వేరు. చేతులకి పట్టిన చెమట లాగుకి తుడుచుకుంటూనే ఉన్నాను. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత పచ్చది. తెర మీద కొత్త సిస్టమ్ అక్షరాలు గబగబా పరిగెత్తాయి. ఫోన్ లైను అందింది. సెన్సరు పలికింది. పరీక్ష కోసం నాలుగు ఏరియేటర్లూ ఒక్కొక్కటే అర నిమిషం తిరిగి ఆగాయి. అన్నీ బాగున్నాయి అని కొత్త సిస్టమ్ తనకి తానే సంతకం పెట్టుకుంది. డీవో ఏడున్నర.

ఏడున్నర! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కొత్తదాన్ని ఒక గంట కనిపెట్టుకుని ఉండాలని ముందే అనుకున్నాను. అక్కడే కూర్చున్నాను. ఏడున్నర. ఐదు నిమిషాల తర్వాత ఏడున్నర. పావుగంట తర్వాత ఏడున్నర. పాత సిస్టమ్ అంకె అటూ ఇటూ ఊగేది, ఇది చూడు ఎంత నిలకడగా ఉందో అని మురిసిపోయాను. నా మొహానికి అది తప్పని తట్టలేదు. పన్నెండున్నర ప్రాంతంలో మబ్బు కమ్మింది. నా లాప్‌టాప్ తెర మీద ఎండ పోయి అక్షరాలు బాగా కనబడ్డాయి, అదీ నాకు హాయిగానే ఉంది. కాసేపటికి వెనక రెండో చెరువులో ఏరియేటర్లు ధనధనా మొదలయ్యాయి. ఆ చెరువు పెట్టె ఇంకా పాత సిస్టమ్ మీదే ఉంది. పాతది కదా, కాస్త మబ్బేస్తే చాలు కంగారు పడిపోతుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

ఒంటిగంటా ఇరవైకి నా భుజం వెనక ఆవిడ గొంతు వినపడింది.

"తమ్ముడు గారూ, కొంగలు దిగాయండి."

నాకు ఒళ్ళు మండింది. మాట్లాడొద్దన్నాను కదా. తల తిప్పకుండానే తెర మీది అంకె వేలితో చూపించి, "ఏడున్నర ఉందండి అక్కగారూ. ఏం కంగారు లేదు," అన్నాను.

"అంకె సంగతి నాకు తెలీదండి. కొంగలు గట్టు వారనే దిగుతున్నాయి."

నేను మళ్ళీ తెర వైపే వంగాను. ఆవిడ నన్ను దాటుకుని వచ్చి, తలుపు మీది కాగితాన్ని ఒక్క లాగు లాగి కింద పడేసి, స్విచ్ చేత్తో తిప్పేశారు. నాలుగు ఏరియేటర్లూ ఒక్కసారి లేచాయి. నేను స్టూలు తన్నుకుంటూ లేచి, అయ్యో ఏం చేశారండీ అని అరవబోతూ చెరువు వైపు తిరిగాను.

పై ప్రాణాలు పైనే పోయాయి. మూల మీద గట్టు పొడుగునా తెల్లగా కొంగలు. వాటి కాళ్ళ దగ్గర నీళ్ళు సలసలా కాగుతున్నట్టు కదులుతున్నాయి. రొయ్య అడుగున ఉండే ప్రాణి. గాలి చాలనప్పుడే పైకొచ్చి గట్టు వార చేరుతుంది, ముట్టుకున్నా పారిపోదు. కొంగలు తలవంచి ఏరుకుంటున్నాయి. వేటాడే పని కూడా లేదు వాటికి.

పాలేరు చేటతో చప్పుడు చేస్తూ అవతలి గట్టు మీద పరిగెడుతున్నాడు. ఆవిడ షెడ్డులోంచి, నీళ్ళలో కరిగి గాలి వదిలే ఆక్సిజన్ గోళీల డబ్బాలు తెచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చి, ఇంకోటి తను తీసుకుని గట్టు మీంచే గుప్పిళ్ళతో విసరడం మొదలుపెట్టారు. నేను మళ్ళీ తెర చూశాను. ఏడున్నర. నాలుగు ఏరియేటర్లు తిరుగుతున్నా ఏడున్నర, రొయ్య తేలినా ఏడున్నర. సెన్సరు దగ్గరికి పరిగెత్తాను.

సెన్సరు నీళ్ళలో లేదు. చెరువులోకి వేసిన చెక్కబల్ల చివర గుంజకి, తడిగుడ్డ చుట్టి, వైరు నీటుగా చుట్ట చుట్టి, తగిలించి ఉంది. గంట పై నుంచి అది కొలుస్తున్నది గాలిని. గాలిలో పెడితే ఆ సెన్సరు నిండుగా ఏడున్నరే చూపిస్తుంది.

ఎవరు తీశారని అడగక్కర్లేకపోయింది. ఆ కరెంటు బోర్డు తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆ చెరువు నీళ్ళలో మనిషి చెయ్యి ఉండకూడదు, తీయగలిగిన వైరేదీ ఉండకూడదు. భర్త పోయిన నాటి నుంచి ఆవిడ ఎన్నడూ మీరని కట్టుబాటు అది. అంతకు ముందు నేను మరమ్మతుకి వెళ్ళిన నాలుగుసార్లూ నా కళ్ళ ముందే తీశారు. తడిగుడ్డ చుట్టమని నేర్పింది కూడా నేనే, సెన్సరు ఎండిపోతే పాడవుతుందని. అప్పుడు పరవాలేదు. ఎందుకంటే అప్పుడు కరెంటంతా ఆపి, పెట్టె కూడా ఆపేసి పని చేసేవాణ్ణి. పని చేసినంతసేపూ పెట్టెకి ఏ నిర్ణయమూ తీసుకునే అవకాశం లేదు. ఈసారి ఏదీ ఆపకుండా మారుస్తానని గొప్పలకు పోయాను. పెట్టె బతికే ఉంది, గాలిని కొలుస్తోంది, చెరువు బ్రహ్మాండంగా ఉందని ఏరియేటర్లు ఆపి కూర్చుంది. కొత్త సిస్టమ్ తప్పేమీ లేదు. పాతదైనా అదే చేసేది.

సెన్సరు గుంజ మీంచి తీసి నీళ్ళలోకి దించబోయాను. ఆవిడ అవతలి నుంచే గట్టిగా, "ముందు తలుపు ముయ్యండి," అన్నారు. రొయ్య చచ్చిపోతోంది, అయినా ఆవిడ ఆ ఒక్క మాట వదల్లేదు. నేను పరిగెత్తి తలుపు మూసి వచ్చాను. ఆవిడే వైరు దించారు. అంకె జారడం మొదలైంది. ఐదు. మూడున్నర. రెండున్నర. ఒకటీ తొంభై దగ్గర ఆగింది.

రెండు కింద ఎక్కువసేపు ఉంటే ఇక చెయ్యగలిగింది ఉండదు. అంకె కదల్లేదు. పాలేరు రెండో డబ్బా ఖాళీ చేశాడు. ఆవిడ గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టకుండా, రొయ్యలకేసి చూస్తూ ఉన్నారు. నేను ప్రార్థన చేశాను. ఆదివారం చర్చిలో కూడా అంత బుద్ధిగా ఎప్పుడూ చెయ్యలేదు. ఒకటీ తొంభై ఐదు. రెండు. చాలాసేపు రెండే. తర్వాత రెండుంపావు. అంకె రెండున్నరకి వచ్చేసరికి మూల మీది కదలిక పల్చబడింది. అది మూడు దాటేసరికి కొంగలు ఒక్కొక్కటే లేచి పక్క పొలాల్లోకి వెళ్ళిపోయాయి. గట్టు వార ఓ బుట్టెడు రొయ్య చచ్చి తేలి ఉంది. మిగతాదంతా అడుగుకి దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ మరిది బండి మీద వచ్చారు. అన్ని కొంగలు ఒక్కచోట లేవడం రోడ్డు మీద నుంచే కనిపించిందట. బండి స్టాండు వేసి, చచ్చిన రొయ్య వైపు చూసి, వదిన వైపు చూశారు. ఏం జరిగిందని అడిగారు.

"వైరు నేనే తీశాను బాబూ," అన్నారు ఆవిడ.

ఆయన నా వైపు తిరిగి, అంతేనా ఇంజనీరు గారూ అన్నట్టు చూశారు. నేను నిజం చెబుతాను. ఆయన ముప్పై చెరువులకీ నా పెట్టెలు పెట్టాలని అప్పటికి రెండు నెలలుగా ఆయన వెంట తిరుగుతున్నాను. అవునండి అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. ఆవిడే ఒప్పుకున్నారు కదా. రెండు గుక్కల ఊపిరి పాటు నేనేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, కాదండి తప్పు నాది అన్నాను. అన్నాక ఇక ఆగలేదు. సెన్సరు నీళ్ళలో ఉందో గాలిలో ఉందో కొత్త సిస్టమ్ తనిఖీ చేసుకోవాలి, అది రాయలేదు. అంకె అంతసేపు కదలకుండా ఉంటే అనుమానించాలి, అదీ రాయలేదు. బకెట్టులో పరీక్షించాను గానీ మనుషుల పద్ధతులు లెక్కలోకి తీసుకోలేదు. ఇలా ఓ పది నిమిషాలు చెప్పాను. చెబుతుంటే నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

ఆయన సగం విన్నారు. సరేలెండి, యంత్రాలన్నాక జరుగుతుంటాయి అన్నారు. తర్వాత వదినతో, చాలా మెల్లగా, ఇంత పని ఒక్కరే చూసుకోవడం కష్టమండి వదినగారూ, సాయంత్రం ఇంటి దగ్గర మాట్లాడదాం అని చెప్పి బండి ఎక్కారు.

ఆ సాయంత్రం మాట్లాడేది ఏంటో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. పంట బతికింది. అయినా ఆయన కంటికి కనిపించింది చచ్చిన బుట్టెడు రొయ్యా, వైరు తీసిన వదినా. బండి మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూస్తూ నిలబడ్డారు. నేను క్షమించమని ఏదో గొణిగాను. ఆవిడ నా వైపు తిరిగారు. కోపం ఉంది ఆ మొహంలో. అన్నేళ్ళలో నేను చూడని కోపం.

"మబ్బు వెయ్యగానే చక్రాలు తిరగట్లేదేంటా అనుకున్నానండి. మీరు కొత్తది పెట్టారు కదా, మీరే ఆపి ఉంచారేమో అనుకున్నాను. మొదటి కొంగ దిగినప్పుడే మీ వెనక్కొచ్చి నిలబడ్డాను. పది నిమిషాలు నిలబడ్డాను తమ్ముడు గారూ. మాట్లాడొద్దన్నారని. ఆయనకి అన్నీ చెప్పారు. ఆ మాట చెప్పలేదేం?"

నేను ఒప్పుకున్న తప్పు నాకు గౌరవం తెచ్చే తప్పు. ప్రోగ్రామ్‌లో ఒక వరస తక్కువైందని చెప్పుకుంటే ఎవరూ తక్కువగా చూడరు. కానీ ఆ చెరువు మీద ఆ రోజు ఉన్న అందరికంటే ముందు, పెట్టె కంటే ముందు, చదువుకున్న నా కంటే ముందు సంగతి కనిపెట్టింది ఆవిడ. ఆ ఒక్క మాటే ఆవిడ చెరువులని నిలబెట్టే మాట. దాన్ని నేను మింగేశాను. మరిది ముందు ఆవిడ తనంతట తాను చెప్పుకోలేరు, చెప్పుకుంటే సాకులా ఉంటుంది.

లాప్‌టాప్ అక్కడే వదిలేసి బండి తీశాను. మరిది ఇల్లు ఊళ్ళో సెంటర్ దాటాక. నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. కూర్చోండి అన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ చుట్టూ తిప్పి చెబుతానని భయం వేసింది.

"మీ వదినగారు మొదటి కొంగకే కనిపెట్టారండి. నోరెత్తొద్దని నేను కట్టడి చేశాను. నా వెనక పది నిమిషాలు నిలబడి, చివరికి చెబితే, ఏడున్నర ఉందని ఆవిణ్ణే తోసిపుచ్చాను. నా మాట కాదని స్విచ్ వేసింది ఆవిడే. ఆవిడ నా మాట విని ఉంటే ఈపాటికి చెరువులో రొయ్య లేదు."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని కాసేపు నన్నే చూశారు. నా ముప్పై పెట్టెల సంగతి ఆ చూపులోనే తేలిపోయింది. నేనూ ఆశ వదిలేసుకున్నాను. లోపల నుంచి వడ్డించామని పిలుపొచ్చినా ఆయన కదల్లేదు. జేబులోంచి ఫోన్ తీసి నా ఎదురుగానే వదినకి చేశారు. వైరు గురించి అడగలేదు. చచ్చిన రొయ్య గురించి అడగలేదు.

"వదినగారూ, సాయంత్రం రానక్కర్లేదండి. ముసురు మళ్ళీ పట్టేటట్టుంది, నా చెరువులు కూడా నీరసంగా ఉన్నాయి. పట్టుబడి ముందుకు జరుపుదామంటారా, ఆగుదామంటారా? మీరెలా అంటే అలాగే."

అవతల నుంచి వెంటనే మాట రాలేదు. ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, తొందర పెట్టకుండా నిలబడ్డారు. నేను చప్పుడు కాకుండా చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.